అనుమానం డాక్టరమ్మ

ఇన్సులిన్‌కి ఒక వాసన ఉంటుంది. బుడ్డి రబ్బరు మూతలోంచి సూది బయటికి తీసేటప్పుడు చుక్క వేలి మీద పడితే తెలుస్తుంది. కొత్తగా విప్పిన కట్టుగుడ్డ వాసన కాదు, ఆసుపత్రి నేల తుడిచే ఫినాయిలు వాసనా కాదు, రెండింటికీ మధ్య ఎక్కడో ఉంటుంది. ఈ ఉదయం ఒక పెద్దాయనకి సిరంజి పట్టుకోవడం నేర్పుతుంటే ఆయన చెయ్యి వణికి నా అరచేతి మీద చుక్క పడింది. సబ్బుతో కడుక్కున్నాను. అయినా మధ్యాహ్నం అన్నం కలుపుకుంటుంటే ఆ వాసన మళ్లీ తగిలింది. దాంతోపాటే కామేశ్వరి మేడమ్ గొంతు కూడా. "బాగానే వేసుకుంటున్నానన్నాడా? అయితే ఇంకోసారి అడుగు."

తిరువూరు బస్టాండుకి దగ్గర్లో, మందుల షాపుల వరసలో ఒక మేడ మీద ఆవిడ క్లినిక్ ఉండేది. షుగరు, థైరాయిడ్, ఒంట్లో గ్రంథులకి సంబంధించిన జబ్బులు చూసేవారు. చాలా ఏళ్లు విజయవాడలో పనిచేసి, సొంత ఊరని ఇక్కడికి వచ్చేశారు. పొట్టి మనిషి. నేత చీర, కళ్లద్దాలు, మాట్లాడేటప్పుడు ఎదుటివాళ్ల నోటి వంక కాకుండా చేతుల వంక చూసే అలవాటు. ఊళ్లో ఆవిణ్ని అనుమానం డాక్టరమ్మ అనేవాళ్లు. ఎదురుగా కాదు. కానీ ఆవిడకి తెలుసు. మా గంపలగూడెంలో షేర్ ఆటో ఎక్కి క్లినిక్ పేరు చెబితే, డ్రైవరు వెనక్కి తిరిగి, "అనుమానం డాక్టరమ్మ దగ్గరికా అండి?" అని అడిగాడు. ఫార్మసీ చదువు అప్పుడే పూర్తిచేసి, మొదటి ఉద్యోగానికి వెళ్తున్న రోజు అది. రోగులకి మందులు ఎలా వాడాలో చెప్పడం నా పని. చెప్పడమే కదా, అదేం పెద్ద పని అనుకున్నాను.

ఆ రోజు మొదట వచ్చింది నెమలి వైపు నుంచి ఒక అర్చకస్వామి. థైరాయిడ్ మాత్ర ఎన్నాళ్లు వేసుకున్నా పరీక్షలో తేడా కనిపించడం లేదు. మేడమ్ నన్ను చెప్పమన్నారు. మాత్ర పరగడుపున, మంచినీళ్లతో, ఆ తర్వాత గంటసేపు ఏమీ తీసుకోకూడదని చదువుకున్నదంతా అప్పజెప్పాను. "అర్థమైందాండి?" అన్నాను. "అయింది తల్లీ, నేను వేసుకునేదే పరగడుపున" అన్నారాయన. నేను మేడమ్ వంక గర్వంగా చూశాను. ఆవిడ కుర్చీ ముందుకి జరుపుకుని, "స్వామీ, రేపు పొద్దున లేచింది మొదలు ఏమేం చేస్తారో వరసగా చెప్పండి" అన్నారు.

ఆయన ఓపిగ్గా చెప్పారు. లేవడం, స్నానం, గుడి తలుపులు తీయడం, మేలుకొలుపు, అర్చన. "ఆ తర్వాత తీర్థం పుచ్చుకుని, ఇంత ప్రసాదం నోట్లో వేసుకుని, ఇంటికొచ్చి కాఫీ తాగి, పరగడుపునే మాత్ర వేసుకుంటానండి."

"ప్రసాదం తిన్నాక పరగడుపు ఎలా అవుతుంది స్వామీ?"

ఆయన నిజంగానే ఆశ్చర్యపోయారు. "ప్రసాదం తిండి కిందికి ఎలా వస్తుందమ్మా?"

మేడమ్ నవ్వలేదు. లేవగానే వేసుకోమంటే, స్నానం చెయ్యకుండా నోట్లో ఏదీ పెట్టనన్నారాయన. సరే, స్నానం చేసి గుడికి బయలుదేరే ముందు వేసుకోమన్నారు. అర్చన పూర్తయ్యేసరికి గంట దాటుతుంది కాబట్టి ప్రసాదానికి అడ్డు లేదు. ఆయన ఆచారం ఆయనకి ఉంది, మాత్రకి కావలసిన ఖాళీ కడుపు మాత్రకి దొరికింది. ఆయన వెళ్లాక మేడమ్ నాతో, "వాణీ, అర్థమైందా అన్న మాట ఈ గదిలో ఇంకెప్పుడూ అనకు. ఆ ప్రశ్నకి ఈ ఊళ్లో ఒకటే జవాబు" అన్నారు.

తర్వాత తర్వాత నాకు అర్థమైందేమిటంటే, ఆవిడ అనుమానించనిది లేదు. ఇన్సులిన్ ఫ్రిజ్‌లో పెడుతున్నామంటే, ఫ్రిజ్‌లో ఎక్కడ అని అడిగేవారు. ఐసు గడ్డకట్టే అరలో పెట్టి పాడుచేసుకున్నవాళ్లు చాలామంది దొరికేవాళ్లు. మా ఆయన వేసుకుంటున్నారండి అని భార్య చెబితే, మీ కళ్లతో చూశారా అనేవారు. కొందరు నొచ్చుకునేవాళ్లు. ఒకసారి కొండూరు వైపు రైతు ఒకాయన, "దొంగని అడిగినట్టు అడుగుతారేంటండీ" అని లేచి నిలబడ్డాడు. "అవునండి, అలాగే అడుగుతాను. కూర్చోండి" అన్నారావిడ మామూలుగా. నాకు తల కొట్టేసినట్టయింది. మనుషుల మీద ఇంత అపనమ్మకం పెట్టుకున్న మనిషి వైద్యం ఎలా చేస్తుందా అనిపించింది.

ఆ మధ్యాహ్నం భోజనాల దగ్గర, ఉండబట్టలేక అడిగేశాను. "అందరూ అబద్ధం చెబుతారంటారా మేడమ్?"

ఆవిడ క్యారేజీ మూత పక్కన పెట్టి, తన తండ్రి గురించి చెప్పారు. ఆయనకి ఏళ్ల తరబడి ఆయాసం. దానికి స్టెరాయిడ్ మాత్రలు వాడేవారు. ముఖం ఉబ్బింది, చర్మం పలచబడింది. ఎవరో ఆ మాత్రలు మంచివి కావన్నారు. ఆయన ఒకరోజు వాటిని ఒక్కసారిగా మానేశారు. చాలాకాలం వాడిన స్టెరాయిడ్ అలా ఉన్నపళంగా మానితే ఒళ్లు తట్టుకోలేదు. అవసరమైనది తనంతట తాను తయారుచేసుకోవడం శరీరం అప్పటికే మరిచిపోయి ఉంటుంది. డాక్టరు మెల్లమెల్లగా తగ్గించాలి. చిన్న జ్వరం, రెండు వాంతులు, మనిషి కూలబడిపోయారు. ఆసుపత్రిలో డాక్టరు మాత్రలు వేసుకుంటున్నారా అని అడిగితే, ఇంట్లో అందరూ వేసుకుంటున్నారనే చెప్పారు. ఎందుకంటే ఆయన అలాగే చెప్పారు కాబట్టి. "అప్పుడు నేను వైద్యం చదువుతున్నాను. నేనూ అదే చెప్పాను. ఆయన పోయాక మాత్రలు దిండు గలీబులో దొరికాయి." అంతే చెప్పి, పెరుగన్నం కలుపుకున్నారు. ఆ తర్వాత ఆవిడ అడిగే ప్రశ్నలు వినడానికి నాకు అంత కష్టంగా అనిపించలేదు. అయితే ఆ అనుమానం ఎంత దూరం వెళ్తుందో, ఎక్కడ ఆగాలో నాకు తెలిసింది హారిక విషయంలో.

హారిక ఏడో తరగతి పిల్ల. ఎ.కొండూరు మండలంలో ఒక పల్లె. చిన్నపిల్లలకి వచ్చే రకం షుగరు, ఇన్సులిన్ లేకపోతే బతుకు లేదు. తల్లి చిన్నప్పుడే పోయింది. తండ్రి లారీ డ్రైవరు, ఇంట్లో ఉండే రోజులు తక్కువ. ఆయన రెండో భార్య శైలజ పిల్లకి పూటపూటకీ సూది వేసేది. జబ్బు బయటపడ్డప్పుడు శైలజకి సూది వేయడం నేర్పింది మేడమే. నేను పక్కన నిలబడి చూశాను. శైలజ పెద్దగా మాట్లాడేది కాదు. అడిగినదానికి జవాబు, అంతే. కళ్లు ఎప్పుడూ నేల మీదే ఉండేవి.

కొన్ని నెలలు బాగానే గడిచాయి. ఒక ఉదయం క్లినిక్ తలుపులు తీసేసరికి హారికని ఆటోలో తీసుకొచ్చారు. బడిలో ప్రార్థన దగ్గర పడిపోయింది. టీచరు గ్లూకోజు నీళ్లు తాగిస్తే కళ్లు తెరిచింది. వెంట శైలజ, హారిక అమ్మమ్మ సుబ్బాయమ్మగారు ఉన్నారు. రక్తంలో షుగరు ఇంకా బాగా తక్కువగా ఉంది. మేడమ్ పిల్లని లోపల పడుకోబెట్టి, గ్లూకోజు సెలైన్ పెట్టించి, షుగరు నిలకడగా పైకి వచ్చేదాకా మంచం పక్కనుంచి కదల్లేదు.

సుబ్బాయమ్మగారు నన్ను వరండా చివరికి పిలిచింది. "అమ్మాయ్, నీకు ఆడపిల్ల ఉందా?" అంది. ఇంకా పెళ్లి కాలేదన్నాను. "అయితే నీకేం తెలుస్తుందిలే. ఆ శైలజ పొట్టలో ఇప్పుడు కాయ పడింది. మా పిల్ల అడ్డమైంది. సూది దాని చేతిలో ఉంది. ఎక్కువ పొడిస్తే ఎవరు చూడొచ్చారు?" గొంతు పెంచలేదు. కొంగుతో కళ్లు తుడుచుకోలేదు. చాలా రోజులుగా తనలో తాను అనుకుంటూ అరగదీసిన మాటల్లా ఉన్నాయవి.

నేను వెళ్లి మేడమ్‌కి చెప్పాను. ఛ, అలా ఎందుకు చేస్తుంది అంటారనుకున్నాను. ఆవిడ కొంచెంసేపు ఆలోచించి, "అవ్వచ్చు" అన్నారు.

మేడమ్ హారిక పక్కన కూర్చుని, నన్ను తప్ప మిగిలినవాళ్లందరినీ బయటికి పంపి, "పిన్నంటే భయమా అమ్మా?" అని అడిగారు. హారిక తల అడ్డంగా ఊపింది. "ఇంతకు ముందు ఇంట్లో ఎప్పుడైనా పడిపోయావా?" పిల్ల తలుపు వంక చూసింది. తర్వాత చాలా మెల్లగా, "చెప్పొద్దంది" అంది. "ఎవరు?" "పిన్ని. అమ్మమ్మకి చెప్పొద్దంది."

మేడమ్ బయటికి వచ్చి శైలజని పిలిచి, "ఇంట్లో సూదికి సంబంధించినవన్నీ ఎలా ఉన్నవి అలా సంచీలో వేసుకుని తీసుకురా. బుడ్డీ, సిరంజిలూ, దూదీ, అన్నీ" అన్నారు. వెంటనే సుబ్బాయమ్మగారు, "దాన్నొక్కదాన్నే పంపితే మార్చేసుకొస్తుంది డాక్టరమ్మా" అంది. శైలజ తలెత్తి ఆవిడ వంక చూసింది. మేడమ్ నన్ను తోడు వెళ్లమన్నారు. తోడంటే కాపలా అని మా అందరికీ తెలుసు.

దారి పొడుగునా శైలజ, పత్తిచేల మధ్య రోడ్డు మీద ఆటో ఎగిరెగిరి పడుతుంటే పొట్ట మీద చెయ్యి పెట్టుకుని కూర్చుంది. ఇంటికెళ్లాక ఫ్రిజ్ తలుపు అరలోంచి ఇన్సులిన్ డబ్బా తీసింది. అటకమీదినుంచి సిరంజిల ప్యాకెట్టు దింపింది. నేను గుమ్మంలోనే నిలబడి అన్నీ చూస్తున్నాను. దూది కోసమని వంటింట్లోకి వెళ్లింది. బియ్యం డ్రమ్ము వెనక నుంచి కొన్ని అట్ట డబ్బాలు జారి కిందపడ్డాయి. గబగబా వంగి వాటిని మళ్లీ వెనక్కి తోసేసి, నేను చూశానా అని వెనక్కి తిరిగి చూసింది. నేను చూశాను. చూసినట్టు ఆమెకీ తెలిసింది. తిరిగి వస్తూ ఆటోలో ఆ సంచీని ఆమె చేతికివ్వకుండా నా ఒళ్లోనే పెట్టుకున్నాను.

క్లినిక్‌లో మేడమ్‌కి చెవిలో చెప్పాను. ఆవిడ దాచకుండా అందరి ముందే అడిగేశారు. "బియ్యం డ్రమ్ము వెనక ఏం దాచావు శైలజా?"

"గ్లూకోజు పొడి ఖాళీ డబ్బాలండి."

"అన్ని ఎందుకు?"

"వారం నుంచి పిల్ల రోజూ వణికిపోతోందండి. చెమటలు పట్టేస్తున్నాయి. గ్లూకోజు కలిపి తాగిస్తే లేస్తోంది. సూది ఆపుదామంటే, ఆపితే ప్రాణానికే ముప్పని మీరే చెప్పారు."

"మాకెందుకు చెప్పలేదు?"

ఆమె సుబ్బాయమ్మగారి వంక చూసింది. "చెబితే నేనే చేశానంటారండి."

"చేశావు కాబట్టే అంటాను" అంది సుబ్బాయమ్మగారు.

మేడమ్ ఇద్దరినీ ఆపారు. బల్ల మీద శుభ్రమైన తువ్వాలు పరిచి, "రోజూ ఎలా చేస్తావో అలాగే చెయ్యి. నోటితో చెప్పొద్దు, చేసి చూపించు. గుచ్చేది మాత్రం ఈ దూది ఉండలోకి" అన్నారు. శైలజ చేతులు కడుక్కుంది. బుడ్డి రబ్బరు మూత తుడిచింది. సిరంజి ఎర్ర మూత తీసి, గాలి లాగి, బుడ్డిలోకి వదిలి, బుడ్డి తలకిందులు చేసి మందు తీసింది. బుడగల్ని గోటితో మీటి పైకి పంపింది. చెప్పిన గీత దగ్గర ఆగింది. నేను ప్రతిదీ చూస్తున్నాను, ఎక్కడ దొరుకుతుందా అని. ఎక్కడా దొరకలేదు. అంత పొందిగ్గా చేసేవాళ్లని నేను అప్పటికి చూడలేదు. "ఇక్కడైతే బాగానే చేస్తుంది" అని గొణిగింది పెద్దావిడ.

మేడమ్ సిరంజిని వెలుతురుకి ఎత్తి చూశారు. తర్వాత బుడ్డిని తీసి, కళ్లద్దాలు నుదుటి మీదికి తోసుకుని, దాని మీది చిన్న అక్షరాలు చదివారు. మళ్లీ చదివారు. నెమ్మదిగా కుర్చీలో కూర్చున్నారు.

"ఈ బుడ్డి ఎక్కడిది?"

"పాతది అయిపోయిందండి. ఊళ్లో దొరకలేదంటే మా ఆయన విజయవాడలో తెచ్చారు. అదే పేరు, అదే మందన్నారు."

మందు అదే. చిక్కదనం వేరు. ఇన్సులిన్ బుడ్డీలు రెండు రకాలు. ఒకదాని మీద నలభై అని ఉంటుంది, ఇంకోదాని మీద వంద. నలభై రకానికి ఎర్ర మూత సిరంజి, వంద రకానికి నారింజరంగు మూత సిరంజి. దేని గీతలు దానికే లెక్క. వంద రకం బుడ్డిలోంచి ఎర్ర మూత సిరంజితో అదే గీత దాకా తీస్తే, ఒంట్లోకి వెళ్లేది రెండున్నర రెట్లు. వారం రోజులుగా హారిక ఒంట్లోకి వెళ్తున్నది అదే. ఆ పిల్లని అన్నాళ్లు నిలబెట్టింది డ్రమ్ము వెనక దాచిన ఆ గ్లూకోజు పొడి.

"సిరంజి మారుతుందని నీకు ఎవరూ చెప్పలేదా?" అన్నారు మేడమ్.

"ఎర్ర మూతదే వాడమన్నారు కదండీ మీరు" అంది శైలజ. "వేరేది ఇస్తే తీసుకోవద్దన్నారు. సిరంజిలకని ఈ బుడ్డి తీసుకెళ్తే, షాపులో నారింజరంగుది ఇవ్వబోయినా నేనే వద్దన్నాను."

నేర్పిన రోజు మేడమ్ అన్న మాటలు నాకూ గుర్తున్నాయి. ఎర్ర మూత అని నొక్కి నొక్కి చెప్పారు. ఎందుకో చెప్పలేదు. ఏ బుడ్డికో చెప్పలేదు. ఊళ్లో అందరినీ అనుమానించే మనిషి, తన నోటి నుంచి వచ్చిన మాటని అనుమానించలేదు.

ఆవిడ లేచి వెళ్లి సుబ్బాయమ్మగారి ఎదురుగా నిలబడ్డారు. "అమ్మా, తప్పు ఈ అమ్మాయిది కాదు. నాది. నేను సగం నేర్పాను. ఆ సగాన్ని శైలజ అక్షరం పొల్లుపోకుండా పాటించింది." బయట వరండాలో కూర్చున్న రోగులకి కూడా వినిపించేంత గట్టిగానే అన్నారు. తలుపు వేయమని నాకు చెప్పలేదు.

సుబ్బాయమ్మగారు చాలాసేపు బల్ల మీది బుడ్డినే చూసింది. "ఏమోనమ్మా. చదువుకున్నవాళ్లు. మీరంటే కావచ్చు" అంది. నమ్మిందో లేదో నాకు ఇప్పటికీ తెలియదు. శైలజ మాత్రం సిరంజిని తువ్వాలు మీద పెట్టేసి, "రేపట్నుంచి సూది నేను వెయ్యనండి. ఆవిణ్నే వెయ్యమనండి" అంది. కోపంగా కాదు. బాగా అలిసిపోయిన మనిషిలా అంది. పెద్దావిడ తన చేతుల్ని చూసుకుంది. కంటికి శుక్లాలు, చేతికి వణుకు. లోపలి గదిలోంచి హారిక, సెలైన్ గొట్టం పట్టుకుని మంచం మీద లేచి కూర్చుని, "పిన్నే వెయ్యాలి. అమ్మమ్మకి గీతలు కనపడవు" అంది. శైలజ అప్పుడు ఏడ్చింది.

ఆ సాయంత్రం మేడమ్ మామూలు వేళకి ఇంటికి వెళ్లలేదు. క్లినిక్‌లో ఉన్న ప్రతి ఇన్సులిన్ బుడ్డినీ, ప్రతి సిరంజినీ బల్ల మీద పెట్టించారు. ఏ బుడ్డికి ఏది, ఎందుకు, నన్ను రోగిలా కూర్చోబెట్టి నేర్పారు. తర్వాత తను రోగిలా కూర్చుని నన్ను నేర్పమన్నారు. నేను ఎక్కడ తడబడ్డానో అక్కడ ఆపి, మళ్లీ మొదటికి తీసుకెళ్లారు. చివర్లో మాత్రం, "ఆ అమ్మాయి దాచింది కాబట్టి మనకి అనుమానం వచ్చింది. కానీ అనుమానిస్తారనే దాచింది. ఏది ముందో చూసుకోవాలి వాణీ" అన్నారు. తర్వాతి నెలల్లో హారికకి తన సూది తనే వేసుకోవడం నేర్పారు, శైలజ పక్కన ఉండి చూసేటట్టు. శైలజకి కొడుకు పుట్టాడు. అయినా చాలాకాలం, పిల్లకి సూది పడే వేళకి శైలజ పక్కింటావిణ్ని పిలిచి దగ్గర నిలబెట్టుకునేదని విన్నాను. బుడ్డి మీది అంకె, సిరంజి మూత రంగు ఆవిడకి పైకి చదివి వినిపించేదట. సాక్ష్యం కోసం. ఆ వార్త విన్నప్పుడు మేడమ్ కళ్లద్దాలు తీసి చాలాసేపు తుడుచుకున్నారు.

మేడమ్ ఇప్పుడు ప్రాక్టీసు మానేసి విజయవాడలో చెల్లెలి ఇంట్లో ఉంటున్నారు. కిందటి వేసవిలో చూడటానికి వెళ్లాను. హారిక నర్సింగులో చేరిందని చెబితే సంతోషించారు. శైలజ ఎలా ఉందని అడిగారు. బాగుందన్నాను. కాసేపు కిటికీలోంచి బయటికి చూసి, "ఆ రోజు నువ్వు సంచీ తీసుకొచ్చేదాకా నేనూ ఆ అమ్మాయే చేసిందనుకున్నాను. నువ్వూ అనుకున్నావు కదూ?" అన్నారు. అవునన్నాను. "పోలీసులకి ఫోన్ చేయాలా వద్దా అని కూడా ఆలోచించాను. తండ్రి ఊళ్లో లేడు, తల్లి లేదు, పిల్ల నోరు విప్పదు. ఇంకో గంట మీరు ఆలస్యంగా వచ్చుంటే చేసేసేదాన్నేమో." ఆ గొంతులో ఆవిడ తండ్రి గురించి చెప్పినప్పటి నిబ్బరం లేదు. ఆవిడ ఆ 'అవ్వచ్చు' అన్న మాటని ఊరికే అన్నారనో, అసలు కారణం వేరే ఉందని తెలిసి అన్నారనో ఇన్నేళ్లూ అనుకుంటూ వచ్చాను. కాదు. నిజంగానే నమ్మి అన్నారు.

తిరిగి బస్సులో వస్తూ మైలవరం దాటేదాకా అదే ఆలోచించాను. ఆవిడ గొప్పతనం తప్పు చేయకపోవడంలో లేదు. ఒక మనిషి మీద అంత బలంగా అనుమానం పడ్డాక కూడా, బుడ్డి మీది అక్షరాలు చదవడానికి కళ్లద్దాలు పైకి తోసుకోవడంలో ఉంది.

ఇప్పుడు నేను పనిచేసే గదికి కూడా వరండా ఉంది. ఆ వరండాలో నన్ను పక్కకి పిలిచి చెవిలో చెప్పేవాళ్లు ఇప్పటికీ ఉన్నారు. కోడలు మాత్రలు ఇవ్వడం లేదని, కొడుకు మందులు మార్చేశాడని, ముసలాయన కావాలనే పారేస్తున్నాడని. వాళ్లు చెప్పేది అబద్ధమని నేను అనను. అవ్వచ్చు. వింటున్నంతసేపూ నా కళ్లు, వాళ్లు చూపిస్తున్న మనిషి ముఖం మీదికే పోతాయి. అందులో ఏదో కనిపించినట్టే ఉంటుంది కూడా. బలవంతాన కళ్లు దించుకుని, అందరినీ లోపలికి పిలిచి, బల్ల మీద తువ్వాలు పరుస్తాను. మేము మీకేం చెప్పామో ముందు అది చెప్పండి అంటాను.